కంకణం ఉన్నన్నాళ్లూ

2022, మాఘమాసం. కోవిడ్ భయం సద్దుమణిగి, జనం మళ్లీ ధైర్యంగా ఆసుపత్రుల మెట్లు ఎక్కుతున్న రోజులు. రాజమండ్రిలో ఒక మానసిక వైద్యురాలి దగ్గర నేను చాలా ఏళ్లుగా అటెండెంటుగా పని చేస్తున్నాను. కింద రోగులు కూర్చునే హాలు, దాని వెనక డాక్టరమ్మగారి గది, మేడ మీద చేర్చుకునే వాళ్లకి కొన్ని మంచాలు. ఆడవాళ్లను చూసేటప్పుడు గదిలో ఇంకో ఆడమనిషి ఉండాలన్నది ఆవిడ నియమం. ఆ మనిషిని నేనే. అక్షరాలు నలభై దాటాక నేర్చుకున్నాను. అప్పటినుంచి ఫైళ్ల మీద పేర్లు చూసి పిలిచే పని కూడా నాకే అప్పగించారు. అలా ఆ గదిలో ఒక మూల స్టూలు మీద కూర్చుని చూసిన కేసుల్లో ఒకటి ఇప్పటికీ నన్ను వదలదు. పేర్లు మార్చి చెబుతున్నాను.

మానసిక జబ్బుని ఎలా కనిపెడతారని నన్ను చాలామంది అడుగుతుంటారు. విరిగిన ఎముకలా ఎక్స్‌రేలో కనిపించేది కాదు. థైరాయిడ్ తేడా, రక్తహీనత లాంటివి కూడా మనిషిని నీరసపరుస్తాయి కాబట్టి, అవి కావని తేల్చుకోవడానికి రక్తపరీక్షలు చేయిస్తారు. మిగతాదంతా అడగడం, వినడం, చూడడం. ఎప్పుడు మొదలైంది, ఎలా పెరిగింది, అంతకుముందు మనిషి ఎలా ఉండేది అని వివరంగా అడిగి తెలుసుకోవడాన్ని హిస్టరీ అంటారు. రోగి చెప్పింది ఒక్కటే సరిపోదు. దగ్గర ఉండి చూసినవాళ్లు చెప్పింది కూడా కావాలి. అలా చెప్పే మనిషిని ఇన్‌ఫార్మెంట్ అంటారు. ఆ తర్వాత రోగి ఎదురుగా కూర్చున్నప్పుడు ఆమె బట్ట, చూపు, మాట వేగం, ఆలోచనల తీరు గమనించడం మెంటల్ స్టేటస్ ఎగ్జామినేషన్. వీటన్నిటినీ కలిపి చూసుకుని డాక్టరు ఒక పేరు దగ్గర ఆగుతారు. ఇన్‌ఫార్మెంట్ చూడనిది ఏదైనా ఉంటే, అది డాక్టరు చేతికి రాదు.

నూకరత్నాన్ని ఆమె భర్త వీర్రాజు ఆటోలో తీసుకొచ్చాడు. వెనకే అతని తల్లి గంగమ్మ. వాళ్లది ధవళేశ్వరం బ్యారేజీకి దిగువన గోదావరి ఒడ్డునే ఉన్న చేపలవాళ్ల పేట. మగవాళ్లు వేటకి వెళ్తే, ఆడవాళ్లు తట్టలు నెత్తిన పెట్టుకుని ఊళ్లలో చేపలు అమ్ముతారు. నూకరత్నానికి ముప్పై అయిదు దాటి ఉంటాయేమో. జుట్టు జడలు కట్టి ఉంది. కుర్చీలో కూర్చోబెడితే కూర్చుంది, అంతే. డాక్టరమ్మగారు ఏమడిగినా చాలాసేపటికి గానీ జవాబు వచ్చేది కాదు.

"ఏమమ్మా, అన్నం తింటున్నావా?"

"సయించట్లేదండి."

"ఏమనిపిస్తుంటుంది?"

నేలవైపు చూస్తూ, "ఏటిలోకి నడిచెల్లిపోతే బాగుణ్ణనిపిస్తాదండి" అంది, చేపల ధర చెప్పినంత మామూలుగా.

వీర్రాజు మొహం తిప్పుకున్నాడు. కార్తీకం దాటితే చాలు, ఏటేటా ఇలాగే మంచం పడుతుందని, ఎండలు ముదిరేసరికి తనంతట తనే లేస్తుందని చెప్పాడు. అన్నవరం తీసుకెళ్లి వ్రతం చేయించాడు, కోరుకొండ కొండెక్కించాడు. ఈసారి చావు మాట ఎత్తేసరికి భయపడి ఇక్కడికి తెచ్చాడు.

ఇక్కడ డాక్టరమ్మగారు అడగాల్సిన ప్రశ్న అడిగారు. దిగులుతో వచ్చిన ప్రతి మనిషి విషయంలోనూ ఆ ప్రశ్న తప్పనిసరి. ఎందుకంటే బైపోలార్ అనే జబ్బులో మనిషి కొన్నాళ్లు దిగులులోకి దిగిపోతుంది, కొన్నాళ్లు మితిమీరిన ఉత్సాహంలోకి ఎగిసిపోతుంది. ఆ ఎగిసిన దశని మేనియా అంటారు. అందులో నిద్ర అక్కర్లేదు, అలుపు రాదు, మాట ఆగదు, తనకి చేతకానిది లేదనిపిస్తుంది. దిగులు ఒక్కటే ఉంటే ఒక మందు, రెండూ ఉంటే ఇంకో మందు.

"వీర్రాజుగారూ, ఎప్పుడైనా మరీ హుషారైపోవడం, నిద్రపోకుండా తిరగడం, అదే పనిగా మాట్లాడడం, అలాంటివి చూశారా?"

"లేదండీ మేడంగారూ. మిగతా రోజులు మా ఆవిడంత నెమ్మదస్తురాలు పేటలో లేదండి." కాస్త ఆగి, గొప్పగానే చెప్పాడు. "ఆషాఢంలో మా పేట దేవత గంగమ్మ తల్లి జాతరకి ఘటం ఎత్తేది మా ఆవిడేనండి. అప్పుడు అమ్మవారు పూనుతుందండి. ఏ రేవులో వల వెయ్యాలో అడిగితే చెబుతుందండి."

డాక్టరమ్మగారు కలం ఆపారు. పూనకాల గురించి ఆవిడకి ఒక పద్ధతి ఉంది. పది మందీ ఒప్పుకున్న చోట, ఒప్పుకున్న వేళ వచ్చి, పని కాగానే దిగిపోయేదాన్ని జబ్బు అనకూడదు. చదువుకున్నాం కదా అని జనం నమ్మకాలకి రోగం పేర్లు పెట్టకూడదు అని ట్రైనింగుకి వచ్చే పిల్లలకి ఆవిడే చెప్పేవారు. అందుకని ఆ మేరకు అడిగారు.

"జాతరలోనే వస్తుందా, ఎప్పుడు పడితే అప్పుడా?"

"జాతరలోనేనండి."

"దిగిపోతుందా?"

"ఆయ్, హారతి ఇచ్చి పసుపునీళ్లు చల్లితే దిగిపోద్దండి."

"వేరేవాళ్లకీ వస్తుందా మీ పేటలో?"

"మా అమ్మకీ వచ్చేదండి. ఇదివరకు ఘటం మా అమ్మదేనండి."

డాక్టరమ్మగారు తలుపు దగ్గర నిలబడ్డ గంగమ్మ వైపు చూశారు. "మీరేమైనా చెబుతారా పెద్దమ్మగారూ?"

"వాడు చెప్పిందేనండి" అంది గంగమ్మ, కొడుకు భుజం మీదుగా.

బయట హాలు నిండిపోయి ఉంది. డిప్రెషన్ అని తేల్చారు, మాత్రలు రాశారు, కత్తులు, తాళ్లు అందకుండా చూసుకోమని, ఏటి ఒడ్డుకి ఒంటరిగా పంపొద్దని గట్టిగా చెప్పారు. ఆ రోజు ఆ గదిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. అడగాల్సినవన్నీ అడిగారు.

మాత్రలు పని చేశాయి. ఫాల్గుణం చివరికల్లా నూకరత్నం తనే నడిచి వచ్చింది. జడ వేసుకుంది, కాటుక పెట్టుకుంది. నాకు ఆకులో చుట్టి ఎండురొయ్యలు తెచ్చింది. "పుచ్చుకోండి మంగమ్మగారూ, వంకాయలో వెయ్యండి. మీ మేడంగారికి నీచు పడదంట, ఆవిడకి చెప్పకండి" అని నవ్వింది. ఆ ఏడాది ఘటం ఎత్తగలనా అన్నదే ఆమె బెంగ. అమ్మవారి కుండని నెత్తిన పెట్టుకుని ఊరేగే ఆ ఘటం పేట పెద్దలు ఇచ్చే గౌరవం. ఎత్తిన మనిషిని వీధిలో ఎవరూ పేరు పెట్టి పిలవరు, అమ్మా అంటారు. చేపల తట్ట మోసే ఆడదానికి అలాంటి పిలుపు ఇంకెక్కడ దొరుకుతుంది? ఎత్తవచ్చన్నారు డాక్టరమ్మగారు, మందు మాత్రం ఆపొద్దన్నారు.

ఆషాఢం వెళ్లాక, గోదావరి ఎర్రనీళ్లతో నిండుగా ఉన్న రోజుల్లో ఒక మధ్యాహ్నం నలుగురు మగవాళ్లు ఆమెను పట్టుకుని లోపలికి తెచ్చారు. తడిసిన పసుపుచీర, నుదుటి మీద అరచేతి వెడల్పు కుంకుమ, చేతికి పసుపు కంకణం. గొంతు బొంగురుపోయి ఉంది, అయినా మాట ఆగడం లేదు.

"ఏమే మంగమ్మా, నెత్తంతా నెరిసిపోయిందేంటే! దా, చెయ్యి పెడతాను, నల్లగా అయిపోద్ది. ఈ డాక్టరమ్మ కళ్లజోడు తీసెయ్యమను, నేను చూపిస్తాను చూపు. ఒరే వీర్రాజూ, నువ్వు నా మొగుడివని ఎవడ్రా చెప్పింది? నేను ఏటికి తల్లిని!"

పట్టుకున్నవాళ్లలో ఒకడికి నవ్వొచ్చింది. వీర్రాజుకి మాత్రం ఏడుపొచ్చింది. జరిగింది ఏమిటంటే, వరదలో చేప పడటం లేదని పేటవాళ్లు అనుకుంటుంటే విని, నేను తెస్తానని ఒక్కతే నావ విప్పింది. గంగమ్మ చూసి, ఆపలేక, తనూ నావలోకి దూకింది. సుడి దగ్గర నావ తిరగబడింది. ఇసుక పడవ వాళ్లు దగ్గర్లో ఉండబట్టి ఇద్దరూ దక్కారు. గంగమ్మ చెయ్యి విరిగింది.

ఈసారి డాక్టరమ్మగారు వీర్రాజుని బయట కూర్చోబెట్టి, కట్టు కట్టిన చేతితో ఉన్న గంగమ్మని లోపలికి పిలిచి తలుపు వేశారు.

"పెద్దమ్మగారూ, జాతర అయ్యాక తను ఎలా ఉంది? మీ అబ్బాయి ఏమీ తెలియదంటున్నాడు."

"వాడికి ఎలా తెలుస్తాదండి? కంకణం ఉన్నన్నాళ్లూ ఇంట్లో పడుకోకూడదు కదండీ."

అప్పుడు బయటపడింది ఆ పేట ఆచారం. ఘటం ఎత్తిన మనిషి చేతికి కంకణం కడతారు. వరదకి ఎదురీదే పులస చేప మొదటిది పడి, దాన్ని తల్లికి చూపించేవరకు ఆ కంకణం విప్పరు. ఒక్కోసారి వారాలు పడుతుంది. అన్నాళ్లూ ఆమె గుడి అరుగు మీదే ఉండాలి, మొగుడు ఆ ఛాయలకి రాకూడదు. అన్నం పట్టుకెళ్లేది అత్తగారు. అక్కడ చూసింది మగవాళ్లకి చెప్పకూడదు. వీర్రాజు ఘటం ఊరేగింపులో ఒక పూట పూనకం చూశాడు, అది దిగిపోవడం చూశాడు. ఆ తర్వాత భార్యని మళ్లీ చూసేది కంకణం విప్పి ఇంటికి వచ్చాకే. నిద్రపోకుండా తిరగడం చూశారా అని అడిగితే, లేదని అతను నిజమే చెప్పాడు.

"అరుగు మీద నిద్రపోయేదా తను?"

గంగమ్మ తల అడ్డంగా ఊపింది. "కన్ను మూస్తే ఒట్టండి. తెల్లార్లూ పాడుతుందండి. అరుగంతా కడుగుతుంది, మళ్లీ కడుగుతుంది. వచ్చినోళ్లకీ పోయినోళ్లకీ జాతకాలు చెప్పేసేది. ఒంటి మీద బంగారం తీసి ఎవరికో ఇచ్చేసింది ఒకేడు. నేను ఎల్లి తెచ్చానండి."

"మీరు ఘటం ఎత్తినప్పుడు మీకూ అలాగే ఉండేదా?"

"నాకా? నేను అరుగు మీద పడుకుంటే డప్పులు కొట్టినా లేచేదాన్ని కాదండి." కళ్లొత్తుకుంది. "దానికి తల్లి ఎక్కువ పలుకుతుంది అనుకున్నానండి, నాకంటే. కుళ్లుకున్నాను కూడానండి. జబ్బని ఎవరనుకుంటారండీ? కంకణం విప్పాక నెమ్మదిగా చప్పబడిపోయేది. తల్లి వెళ్లిపోయింది కదా, ఒళ్లు ఖాళీ అయిపోయింది అనుకునేవాళ్లం."

డాక్టరమ్మగారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. పూనకం దిగిపోతుందా అని ఆవిడ ఆనాడు అడిగారు. దిగాక మనిషి రాత్రిళ్లు ఎక్కడ పడుకుంటుంది, పక్కన ఎవరుంటారు అని అడగలేదు. ఆచారాన్ని గౌరవించాలనే అక్కడితో ఆగారు. మేనియా వచ్చే మనిషికి డిప్రెషన్ మాత్ర ఒక్కటే ఇస్తే అది ఇంకా పైకి ఎగదోసే ప్రమాదం ఉంది. తనే ఏటిలోకి నెట్టినట్టయిందని ఆ సాయంత్రం నాతో అన్నారు. నేను టీ పెట్టి ఇచ్చాను.

జబ్బు పేరు మారింది. బైపోలార్ డిజార్డర్. పాత మాత్ర ఆపి లిథియం మొదలుపెట్టారు. అది మనసు ఎగుడుదిగుడులని సమం చేసే మందు. రక్తంలో ఎంత ఉందో చూసుకుంటూ వాడాలి. ఎక్కువైతే ప్రమాదం, తక్కువైతే పని చెయ్యదు. మేడ మీద మంచంలో నూకరత్నం కొన్నాళ్లు తిట్టింది, పాడింది, తర్వాత నిద్రపోయింది. నిద్ర లేచి అత్తగారి చేతి కట్టు చూసి, "ఏమైందత్తా?" అని అడిగింది. గంగమ్మ "జారిపడ్డానే" అంది.

ఇంటికి పంపేముందు డాక్టరమ్మగారు వీర్రాజుకి అన్నీ విడమరచి చెప్పారు. ఇంటివాళ్లకి జబ్బు అర్థమైతేనే మందు ఆగకుండా నడుస్తుంది. జాతర రోజులు, నిద్ర చెడే రోజులు ప్రమాదమని, కొన్నాళ్లు ఘటం వద్దని చెప్పారు. వీర్రాజు ప్రతిదానికీ ఆయ్ ఆయ్ అంటూ శ్రద్ధగా విన్నాడు. మంచివాడు. మంచివాడు కాబట్టే, పేట పెద్దలు అడిగితే దాచకుండా మొత్తం చెప్పేశాడు. అది ఎవరితో చెప్పాలి, ఎంతవరకు చెప్పాలి అని మేము అతనికి చెప్పలేదు. నూకరత్నాన్ని అసలు అడగనే లేదు.

ఆ తర్వాత నెల నెలా రక్తపరీక్షకి వచ్చేది. అన్నం తింటోంది, చేపలు అమ్ముతోంది, కార్తీకం దాటినా మంచం పట్టలేదు. డాక్టరమ్మగారు సంతోషించారు. కానీ మనిషి నవ్వడం తగ్గించింది. ఒకసారి రక్తం తీస్తుంటే నాతో అంది.

"తట్ట దించితే ఆడాళ్లు అడుగుతున్నారండి, ఏ రేవులో వల వెయ్యాలే నూకరత్నం, ఇయాళ మాత్రేసుకున్నావా, ఏసుకోకుండా చెప్పు అని. నవ్వుకుంటారండి. నా కాళ్లకి దణ్ణం పెట్టినోళ్లే."

"వాళ్ల నోళ్లు అంతేనమ్మా. పట్టించుకోకు."

"ఘటం మా పేట సూరమ్మకి ఇచ్చేశారండి. ఇక నాకు రాదంట. నాకు ఎప్పుడూ తల్లి పూనలేదంట, మొదట్నించీ జబ్బేనంట." సూది తీసి దూది నొక్కుతుంటే నెమ్మదిగా అడిగింది. "మొదటేడు కూడా జబ్బేనాండీ?"

నేను ఆమెని లోపలికి తీసుకెళ్లాను. ఆ ప్రశ్నకి నేను జవాబు చెప్పదగినదాన్ని కాదు. డాక్టరమ్మగారు వెంట వచ్చిన గంగమ్మని పిలిచి, మొదటి ఏడాది అరుగు మీద ఎలా ఉందో అడిగారు.

"మొదటేడు నిద్రపోయిందండి" అంది గంగమ్మ వెంటనే. "గురక కూడా పెట్టింది. నేనే కదిపి పక్కకి తిప్పాను. కంకణం విప్పాక చప్పబడలేదు కూడానండి ఆ ఏడు."

"అయితే ఆ ఏడు జబ్బు కాదమ్మా" అన్నారు డాక్టరమ్మగారు. "జబ్బు తర్వాత వచ్చింది. ఆ ఏడాది నీదే."

నూకరత్నం ఆ మాటని పెదాల మీదే ఒకసారి అనుకుంది. తర్వాత, "ఇదే మాట మా పేటకొచ్చి చెబుతారాండీ?" అంది.

ఎవరి జబ్బు గురించైనా ఊరికి వెళ్లి మాట్లాడడం డాక్టర్లు చేసే పని కాదు. ఆమె తనే అడిగింది కాబట్టి, చెడింది మా వల్లే కాబట్టి, మరుసటి ఆషాఢం జాతర ఆదివారం నాడు డాక్టరమ్మగారు, నేను వెళ్లాం. పెద్దలు కుర్చీలు వేశారు, కూల్‌డ్రింకులు ఇచ్చారు. డాక్టరమ్మగారు నిదానంగా చెప్పారు. జబ్బు వేరు, మీ తల్లి వేరు, ఈమె మొదట ఎత్తిన ఘటానికి జబ్బుతో సంబంధం లేదు, మందు వాడుతూ నిద్ర చెడకుండా చూసుకుంటే ముందు ముందు మళ్లీ ఎత్తగలదు అని. ఒక ముసలాయన చేతులు జోడించాడు.

"అంత దూరం నించి వచ్చి చెప్పారు, సంతోషమండి. మరి మొన్న మీరే జబ్బన్నారంట కదండీ. ఈసారి కాదంటున్నారు. మేం చదువుకోనోళ్లం, ఏది పట్టుకోమంటారు?"

ఆయన మాటలో వెటకారం లేదు. రెండు మాటలూ మావే. పైగా సూరమ్మ అప్పటికే పసుపుచీర కట్టుకుని గుడి ముందు కూర్చుంది. ఒకరికి ఇచ్చిన ఘటం వెనక్కి తీసుకోరు.

డప్పులు మొదలయ్యాయి. నూకరత్నం తన గుమ్మంలో నీళ్లబిందెతో నిలబడింది. ఘటం ఇంటి ముందుకి రాగానే సూరమ్మ కాళ్లు కడిగి, పసుపు రాసి, దణ్ణం పెట్టింది. ఊరేగింపు రేవు వైపు మళ్లాక నా పక్కకి వచ్చి నిలబడి, గొంతు తగ్గించి అడిగింది.

"డప్పు వింటుంటే ఒళ్లు పొంగుతోందండి. ఇది పరవాలేదాండీ? మేడంగారికి చెప్పాలా?"

"జాతర కదమ్మా, నాకూ పొంగుతోంది" అన్నాను నేను.

"మీకు పొంగితే మీరు పొంగుతారండి" అంది. "నాకు పొంగితే అడగాలి కదండీ."

అని డాక్టరమ్మగారు నిలబడ్డ వైపు వెళ్లింది.

ఆ తర్వాత మా క్లినిక్కులో కొన్ని పద్ధతులు మారాయి. రోగి రాత్రిళ్లు ఎక్కడ పడుకుంటుంది, ఆ చోట పక్కన ఎవరుంటారు అని కనుక్కుని, ఆ మనిషిని విడిగా, తలుపు వేసి అడుగుతారు. జబ్బు సంగతి ఎవరెవరికి చెప్పవచ్చో ముందు రోగినే అడుగుతారు. నేను నేర్చుకున్నది మాత్రం ఇంకొకటి. జబ్బు పేరు చెప్పిన రోజే, ఆ మనిషి జీవితంలో ఏ రోజులు జబ్బువి కావో కూడా చెప్పాలి. నూకరత్నానికి ఆ మాట మేము చెప్పాం గానీ, ఆలస్యంగా చెప్పాం. అప్పటికే ఆమె తన సంతోషాలని ఒకరి అనుమతి కోసం పట్టుకెళ్లడం అలవాటు చేసుకుంది. ఇప్పటికీ నెల నెలా వస్తుంది. ఆరోగ్యంగా ఉంది.